ఇంటికొచ్చిన కుక్క ఇంటిదయ్యేదాకా

వీధిలో పుట్టి పెరిగిన కుక్కను చేరదీసి ఇంటికి తెచ్చుకున్నవాళ్లను ఎవరిని అడిగినా తొలి రాత్రి సంగతి ఇంచుమించు ఒకేలా చెబుతారు. గిన్నెలో పెట్టిన పెరుగన్నం పెట్టినట్టే ఉంటుంది. దానికోసం కొన్న పరుపు మీద అడుగైనా వేయదు. మంచం కిందో, వాషింగ్ మెషీన్ వెనక సందులోనో గోడకు వీపు ఆనించి, తోక కాళ్ల మధ్య ఇరికించుకుని, చూపు మాత్రం తలుపు మీదే పెట్టి కూర్చుంటుంది. కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడుతుంది. ఫ్యాను నీడ కదిలితే ఇంకాస్త మూలకు జరుగుతుంది. ఇంటిల్లిపాదీ పడుకున్నాక, వంటింట్లో దీపం ఆర్పాక, చప్పుడు చేయకుండా వచ్చి నాలుగు ముద్దలు గబగబా మింగి మళ్లీ ఆ సందులోకే పోతుంది. అప్పటికే ఇంట్లో పిల్లి ఉంటే అది ఫ్రిజ్ ఎక్కి కిందికి దిగనంటుంది. ఏళ్లుగా ఉంటున్న ముసలి కుక్క తన గిన్నె దగ్గరే కాపలా కాస్తుంది. ఒక ప్రాణాన్ని కాపాడామని పొంగిపోయిన ఇల్లు, తెల్లారేసరికి దీన్ని తెచ్చి తప్పు చేశామా అని బెంగపడుతుంది.

ఆ బెంగ పడేవాళ్లకు ముందుగా ధైర్యం చెప్పాలి. కుక్కలో లోపం లేదు, ఇంట్లోనూ లోపం లేదు. కావలసిందల్లా వ్యవధి. కుక్కను కాపాడటం ఒక పూటలో అయిపోయే పని. దాన్ని ఇంట్లో ఇముడ్చుకోవడానికి నెలలు పడుతుంది. మన మెప్పులన్నీ మొదటి పనికే దక్కుతున్నాయి. ఓపిక అంతా కావలసింది మాత్రం రెండో పనికి.

ఈ మాట ఇప్పుడు చెప్పుకోవలసిన కారణం ఉంది. వీధి కుక్కల విషయంలో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో వార్తలకెక్కిన అంశాలు వేరు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేసిన కుక్కలను పట్టుకున్న చోటే వదలాలని, రేబీస్ సోకినవాటిని, మీద పడి కరిచే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలకూడదని ధర్మాసనం చెప్పింది. వీధిలో ఎక్కడపడితే అక్కడ కాకుండా, కేటాయించిన చోటే తిండి పెట్టాలంది. వీటి నడుమ అంతగా చర్చకు రాని మాట ఇంకొకటి ఉంది. జంతు ప్రేమికులు ఎవరైనా మునిసిపల్ సంస్థకు దరఖాస్తు పెట్టుకుని వీధి కుక్కను దత్తత తీసుకోవచ్చు. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత మాత్రం వారిదే. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు సుమారు ఒక కోటి 53 లక్షలు. ఇన్నింటికీ ఇళ్లు దొరకవు. అయితే దొరికిన ప్రతి ఇల్లూ నిలవాలి. కోర్టు పెట్టిన ఆ షరతులోని బరువు అదే.

ఈ బరువును గురించి మాట్లాడుకోవడానికి సూరత్ కంటే తగిన ఊరు అరుదు. 1689లో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి సూరత్‌కు వచ్చిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, ఊరికి మైలు దూరంలో బనియా వర్తకులు నడిపే ఒక పెద్ద జంతువుల ఆసుపత్రిని చూసి తన గ్రంథంలో రాశాడు. ఆవులు, గుర్రాలు, మేకలతో పాటు రోగంతోనో, కుంటితనంతోనో, ముసలితనంతోనో ఉన్న కుక్కలకు కూడా అక్కడ చోటుండేదని ఆయన మాట. ఆ ఆసుపత్రిలో 1772లో గుర్రాలు, ఎద్దులు, గొర్రెలు, కోతులు, పావురాలతో పాటు, 75 ఏళ్లుగా అక్కడే ఉంటున్న ఒక తాబేలు కూడా ఉండేదని తరువాతి కాలపు ఆంగ్ల గ్రంథాల్లో నమోదైంది. ఒక తాబేలును 75 ఏళ్లు సాకాలంటే ఒక తరం ఓపిక చాలదు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి ఆ బాధ్యత మారుతూ ఉండాలి. పాంజ్రాపోళ్లు అనే జంతు ఆశ్రయాల రూపంలో ఆ సంప్రదాయం గుజరాత్‌లో ఇప్పటికీ బతికే ఉంది.

జీవదయ అక్కడ సంస్థల పని మాత్రమే కాదు, వీధి పిల్లల పని కూడా. గుజరాత్‌లో వీధి కుక్క ఈనితే పిల్లలు గిన్నె పట్టుకుని గడప గడపకూ తిరుగుతారు. ఒక ఇంట్లో గుప్పెడు గోధుమపిండి, ఇంకో ఇంట్లో బెల్లం, మరో ఇంట్లో చెంచాడు నెయ్యి. అన్నీ కలిపి ఎవరో ఒక అమ్మ పొయ్యి మీద శీరో వండిస్తారు. బాలింతరాలైన కుక్కకు అది పథ్యం. పెరట్లోనో, ఇసుక కుప్ప వెనకో కళ్లు తెరవని కూనలతో పడుకున్న తల్లి ముందు ఆ వేడి శీరోను ఆరబెట్టి పెడతారు. కూనలను ముట్టుకోకూడదని, తల్లి తినేటప్పుడు దూరంగా నిలబడాలని పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెబుతారు. జంతువుతో ఎలా మెలగాలో పుస్తకం లేకుండా నేర్పే పాఠం అది.

ఆ వీధుల్లో మనవాళ్లూ ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వలస వెళ్లిన నేత కుటుంబాలు సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే తెలుగు మాట చెవిన పడుతుంది. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. పన్నెండేసి గంటల షిఫ్టుల్లో పగలూ రాత్రీ పవర్‌లూమ్‌లు ఆడే ఆ గల్లీల్లో, చాయ్ బండి దగ్గర బిస్కెట్ కోసం చూసే కుక్క అందరికీ తెలిసినదే. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాడి వెంట మలుపుదాకా నడిచి వెళ్లే కుక్క ఎవరిదీ కాదు, అందరిదీ.

అందరిదైన కుక్కను ఒక ఇంటిదాన్ని చేసుకోవడం దయలో ఇంకో మెట్టు. బయట రొట్టె వేయడానికి గుప్పెడు ప్రేమ చాలు. లోపలికి తెచ్చుకుంటే మన వేళలు, మన అలవాట్లు, మన ఇంట్లో ముందునుంచీ ఉన్న ప్రాణుల నెమ్మది, అన్నీ దానితో పంచుకోవాలి.

భయపడిన కుక్క ఒంట్లో ఏం జరుగుతుందో శాస్త్రం కొంత తేల్చింది. అమెరికాలోని ఒక జంతు ఆశ్రయంలో చేసిన అధ్యయనం 1997లో వెలువడింది. కొత్తగా చేరిన కుక్కల రక్తంలో ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ మొదటి మూడు రోజులు బాగా ఎక్కువగా ఉండి, ఆ తరువాత తగ్గుతూ వచ్చిందని అందులో తేలింది. తొలి రోజుల్లో తిండి మానేయడం, మూల వెతుక్కోవడం మొండితనం కాదన్నమాట. జంతువులను సాకేవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక మోటు లెక్క చెబుతారు. మూడు రోజులకు బెదురు తగ్గుతుంది. మూడు వారాలకు ఇంటి వేళలు అర్థమవుతాయి. మూడు నెలలకు ఇది నా చోటు అన్న ధీమా కలుగుతుంది. లెక్క ప్రతి కుక్కకూ ఒకేలా పట్టదు. దెబ్బలు తిన్న కుక్కకు ఏడాది కూడా పట్టవచ్చు. కానీ తొందరపడవద్దన్న హెచ్చరిక మాత్రం అన్నింటికీ వర్తిస్తుంది.

మన వీధి కుక్కల మీద ఐసర్ కోల్‌కతా పరిశోధకులు చేసిన పని ఇక్కడ తలుచుకోదగ్గది. 2016లో వాళ్లు ప్రకటించిన ఫలితాల ప్రకారం, గమనించిన 364 కుక్కపిల్లల్లో ఈడు వచ్చేదాకా బతికినవి నూటికి 19 మాత్రమే. చనిపోయినవాటిలో 63 శాతం చావులకు మనుషులే ఏదో ఒక విధంగా కారణం. మన గుమ్మంలోకి వచ్చిన వీధి కుక్క ఎన్ని గండాలు దాటి వచ్చిందో ఆ అంకెలు చెబుతాయి. అదే బృందం 2017లో ఇంకో సంగతి బయటపెట్టింది. ముక్కూమొహం తెలియని మనిషి పదే పదే వచ్చి తిండి పెట్టినప్పటికంటే, పదే పదే తల నిమిరినప్పుడే వీధి కుక్కలు ఎక్కువ నమ్మకం చూపాయి. ఇన్ని కష్టాలు పడి కూడా మనిషి చేతిని నమ్మడానికి అవి సిద్ధంగానే ఉన్నాయి. అయితే ఆ చేతిని వెతుక్కుంటూ అదే రావాలి. మంచం కింద నుంచి బయటికి లాగి ముద్దు చేస్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది. మనం నేల మీద కూర్చుని, దాని కళ్లలోకి సూటిగా చూడకుండా, మన పని మనం చేసుకుంటూ ఉంటే చాలు. ఒకనాటికి అదే వచ్చి చేతి వేళ్లను వాసన చూస్తుంది.

ఇక ఇంట్లో ముందునుంచీ ఉన్నవాటి సంగతి. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత ఇక్కడ నిజం కాకూడదు. దిక్కులేనిదని కొత్త కుక్కనే దగ్గరికి తీస్తూ ఉంటే, పదేళ్లుగా కాళ్ల దగ్గర పడుకున్న పాత కుక్క చిన్నబుచ్చుకుంటుంది. ముందు దానికి గిన్నె పెట్టాలి, ముందు దాన్నే పలకరించాలి. అది పడుకునే చోటు దానికే ఉండాలి. కొత్తదాన్ని నేరుగా ఇంట్లోకి తెచ్చి దాని ముందు నిలబెట్టకూడదు. మొదటి పది పదిహేను రోజులు వేరే గదిలో ఉంచి, పశువైద్యుడికి చూపించి, రేబీస్, డిస్టెంపర్, పార్వో టీకాల సంగతి తేల్చుకోవడం రెండింటి ఆరోగ్యానికీ మంచిది. ఈలోగా ఒకటి పడుకున్న దుప్పటిని ఇంకొకదాని దగ్గర పరిస్తే ముఖాలు చూసుకోకముందే వాసనల పరిచయం అవుతుంది. తొలి కలయిక ఇంటి గడప దగ్గర కాకుండా బయట జరగాలి. సూరత్‌లోనైతే తాపీ నది గట్టు మీద తెల్లవారుజామున జనం లేనప్పుడు, ఇద్దరు మనుషులు రెండు బెల్టులు పట్టుకుని, మధ్య కొంత ఎడం ఉంచి ఒకే దిక్కుకు నడిస్తే చాలు. ఎదురెదురుగా నిలబడితే పోట్లాటకు పిలిచినట్టు. పక్కపక్కన నడిస్తే కలిసి ఎక్కడికో వెళుతున్నట్టు. నాలుగైదు నడకల తరువాత ఒకటి ఆగి వాసన చూసిన చోటే రెండోది కూడా ఆగి వాసన చూస్తుంది. పరిచయం కుదురుతోందనడానికి అది మంచి గుర్తు.

పిల్లి విషయంలో ఇంకా నిదానం కావాలి. పిల్లికి ధైర్యం ఎత్తులో ఉంటుంది. అటక, బీరువా పైభాగం, కిటికీ పక్కన ఒక అర, ఏదైనా సరే కుక్కకు అందని దారి ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండాలి. దాని తిండి గిన్నె, మట్టి పెట్టె కుక్క రాలేని చోట పెట్టాలి. ముందు మూసిన తలుపుకు అటొకటి ఇటొకటి తినాలి. తరువాత అడ్డు గేటు సందుల్లోంచి ఒకదాన్నొకటి చూడాలి. ఆ తరువాతే ఒకే గదిలోకి, అదీ కుక్కకు బెల్టు కట్టి. పిల్లి పరుగెత్తిన క్షణంలో వెంటపడాలన్నది వీధిలో పెరిగిన కుక్కకు అలవాటైన బుద్ధి. దాన్ని కొట్టి మాన్పించలేం. పిల్లి కదిలినప్పుడల్లా కుక్క మన వైపు తిరిగి చూస్తే ఒక చికెన్ ముక్కో, పనీర్ ముక్కో ఇస్తూ పోతే ఆ చూపే కొత్త అలవాటవుతుంది. ఇన్ని చేసినా కొన్ని కుక్కలు పిల్లులతో ఎప్పటికీ కలిసి ఉండలేవు. ఆ నిజాన్ని ఒప్పుకుని విడివిడి గదుల్లో ఉంచడం కూడా ప్రేమే.

గుర్రుమన్న కుక్కను గద్దించడం మన ఇళ్లలో తరచూ జరుగుతుంది. ఆ గుర్రు నిజానికి ఒక మర్యాద. ఇంతకంటే దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది అని అది చెప్పగలిగిన తీరు అదే. దానికి ముందే అది చాలా చెప్పి ఉంటుంది. ముఖం పక్కకు తిప్పుకుంటుంది, మూతి నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. నార్వేకు చెందిన శిక్షకురాలు తురీద్ రూగోస్ ఈ సైగలను ఏళ్ల తరబడి గమనించి, కుక్కలు తమను తాము, ఎదుటివాళ్లను శాంతపరచుకునే భాష ఇదని వివరించారు. గుర్రుమన్నందుకు దెబ్బ తిన్న కుక్క ఇంకోసారి గుర్రుమనదు, నేరుగా కరుస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ సంగతి వాళ్లకు ముందే నేర్పాలి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు కుక్కను కదిలించరాదన్నది శీరో పెట్టే పిల్లలకు తెలిసినదే.

అపార్ట్‌మెంట్ బతుకులో ఇంకొన్ని చిక్కులుంటాయి. లిఫ్ట్ తలుపు, వాచ్‌మన్ విజిల్, మెట్ల మీద ఎదురయ్యే పొరుగువాళ్లు, అన్నీ దానికి కొత్తే. సూరత్‌లో ఉత్తరాయణం రోజుల్లో మేడ మేడకూ లౌడ్‌స్పీకర్లు, బూరలు, కేకలు, రాత్రికి బాణసంచా. దీపావళికి సరేసరి. బెదిరిన కుక్క తెరిచిన తలుపు కనిపిస్తే చాలు, దిక్కు తెలియకుండా పరుగెత్తుతుంది. కొత్తగా వచ్చిన ఏడాది ఆ పండుగలకు తలుపులు జాగ్రత్తగా మూసి, మెడ పట్టీకి ఫోన్ నంబరు తగిలించి, ఎవరో ఒకరు దాని పక్కనే ఉండాలి. పొరుగువాళ్ల విషయానికొస్తే, పెంపుడు జంతువులను సొసైటీలు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. హక్కు ఉన్నా, బెల్టు లేకుండా కుక్కను వదలకపోవడం, అది మలినం చేసిన చోటును మనమే శుభ్రం చేయడం మన ధర్మం. పొరుగువాడి భయం కూడా భయమే.

ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధి కుక్కల దాడికి నాలుగేళ్ల బాలుడు బలైన దృశ్యాన్ని తెలుగు నేల మరిచిపోలేదు. కుక్కను ప్రేమించేవాళ్లు ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని పక్కన పెట్టి మాట్లాడకూడదు. కరిస్తే గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలని, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలని ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. కుక్కల ద్వారా సోకే రేబీస్‌ను 2030 నాటికి లేకుండా చేయాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. టీకా వేసి, శస్త్రచికిత్స చేయించి, ఒక ఇంటి పట్టున ఉంచిన ప్రతి కుక్కా ఆ లక్ష్యానికి సాయపడుతుంది. సరిగా సాగిన దత్తత కుక్కకే కాదు, వీధికి కూడా మేలు.

సరిగా సాగని దత్తతతో మాత్రం ఇద్దరికీ నష్టమే. ఉత్సాహంతో తెచ్చి, రెండు వారాలకు విసిగి, తెచ్చిన చోటే వదిలేస్తే ఆ కుక్క మునుపటి కుక్కగా ఉండదు. దాని చోటును వేరే కుక్కలు ఆక్రమించుకుని ఉంటాయి. వీధిలో నెగ్గుకొచ్చే ఒడుపు కొంత పోయి ఉంటుంది. మనిషి మీద నమ్మకం సడలి ఉంటుంది. నిజంగా ఇముడ్చుకోలేకపోతే, ఇచ్చిన సంస్థకు చెప్పి, ఇంకో ఇల్లు దొరికేదాకా ఉంచుకోవడమే ధర్మం. అందుకే తెచ్చుకునే ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఊరికి వెళితే ఎవరు చూస్తారు, అద్దె ఇల్లు మారితే ఏం చేస్తాం, ముసలిదై మంచం పడితే ఖర్చు ఎలా? కుక్క ఆయుష్షు పది పన్నెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒప్పుకునేది అన్నేళ్లకు.

సూరత్‌లోని తెలుగువాళ్లకు ఈ మాటలు తేలిగ్గా అర్థమవుతాయి. మనిషి వలసనూ కుక్క బతుకునూ ఒకే గాటన కట్టడం కాదు కానీ, తెలియని ఊళ్లో మొదటి రాత్రి ఎలా ఉంటుందో వలస వెళ్లిన ఇంట్లో ఎవరో ఒకరికి గుర్తుంటుంది. భాష రాదు, దారులు తెలియవు, ఎవరిని నమ్మాలో అర్థం కాదు. ముందుగా వెళ్లినవాళ్లు ఏమీ అడగకుండా నాలుగు రోజులు ఇంత అన్నం పెట్టి, పని చూపించి, వాళ్లంతట వాళ్లు కుదురుకునేదాకా ఆగారు. ఆ ఆగడం విలువ తెలిసినవాళ్లు ఒక బెదిరిన ప్రాణం కోసం ఆగగలరు.

మన సాహిత్యం ఈ ధర్మాన్ని మొదట్లోనే చెప్పింది. నన్నయ ఆంధ్ర మహాభారతంలో ఆదిపర్వం ఆరంభంలోనే సరమ కథ వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోట ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు నిష్కారణంగా కొడతారు. ఆ పిల్ల వెళ్లి తల్లి సరమతో చెప్పుకుంటుంది. సరమ భయపడకుండా రాజు ముందుకే వచ్చి, ఇది తగునా తగదా అని ఆలోచించకుండా సాధువులకు కీడు చేసేవారికి ఊహించని ఆపదలు వస్తాయని నిలదీస్తుంది. ఆ మాటకు జనమేజయుడు కలవరపడి పరిహారం వెతుక్కుంటాడు. ఒక కుక్క న్యాయం అడిగితే చక్రవర్తి చెవి ఒగ్గాడు. తెలుగులో ఆదికావ్యం అలా మొదలైందని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. రాజ్యాంగం 51ఎ అధికరణలో ప్రాణుల పట్ల కరుణను పౌరుడి ప్రాథమిక విధిగా చేర్చింది. సరమ అడిగిందీ దాన్నే.

పాలకులు చేయవలసింది కూడా ఉంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో జీహెచ్ఎంసీ దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. మంచి పని. ఇలాంటివి సూరత్‌లో, విశాఖలో, విజయవాడలో, వరంగల్‌లో ఇంకా జరగాలి. అయితే మేళా రోజున ఎన్ని కుక్కలు ఇళ్లకు వెళ్లాయన్న లెక్కతో సంబరం ముగియకూడదు. వారానికి ఒక ఫోన్, నెలకు ఒకసారి ఇంటికి వెళ్లి చూడటం, మూడో నెలలో ఉచితంగా వైద్య పరీక్ష ఉండాలి. పాత కుక్కతో పోట్లాడుతోంది, పిల్లిని తరుముతోంది, ఏం చేయమంటారు అని అడిగితే తెలుగులో, గుజరాతీలో ఓపికగా జవాబు చెప్పే మనిషి ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. కుక్కను అప్పగించడంతో తమ పని పూర్తి కాలేదన్న ఎరుక ఒక్కటే కావాలి.

కుక్కను తెచ్చుకోవాలనుకునే ప్రతి కుటుంబానికీ మా విన్నపం ఒక్కటే. మొదటి మూడు నెలలు ఆ కుక్క నుంచి ఏమీ ఆశించకండి. విశ్వాసం, ఆటపాటలు, పిలిస్తే రావడం, ఏదీ అడగకండి. వేళకు తిండి, చేయి చేసుకోని మనుషులు, ఎవరూ కదిలించని ఒక మూల, ఇంతే ఇవ్వండి. ముందునుంచీ ఉన్న పిల్లికీ కుక్కకూ వాటి వాటా తగ్గనివ్వకండి. అంత వ్యవధి ఇవ్వగలమని గట్టిగా అనుకున్నాకే దరఖాస్తు పెట్టండి. ఇవ్వలేమనిపిస్తే వీధిలో ఉన్నదానికే టీకా వేయించి, రోజూ ఇంత పెట్టండి. అదీ పుణ్యమే. ఇంటికి తెచ్చుకుంటే మాత్రం చివరిదాకా ఉంచుకోండి.